ఎవరికీ అక్కర్లేని నంబరు

దెయ్యాల నెల వెళ్లిందంటే మాకు దెయ్యం పట్టినట్టే. చచ్చినవాళ్లు ఊళ్లోకి తిరిగొస్తారని ఆ నెలంతా పెళ్లి మాట ఎవడూ ఎత్తడు, పెళ్లి ఫొటో తీయించుకోడు, మేం గోళ్లు గిల్లుకుంటూ కూచుంటాం. నెల దాటిందో లేదో, ద్వీపంలో ఉన్న పెళ్లికూతుళ్లందరికీ ఒకే సాయంత్రం, ఒకే సూర్యుడు, ఒకే గావ్‌మెయి తీరం కావాలి. అక్కడ సముద్రం వెనక్కి పోయినప్పుడు బురద మీద పలచగా నీళ్లు నిలుస్తాయి. ఆకాశమంతా అందులోకి దిగుతుంది. వెనకాల వరసగా గాలిమరలు. ఆ నీళ్లలో తెల్లగౌను వేసుకుని నిలబడకపోతే పెళ్లి చెల్లదన్నట్టు ఎగబడతారు.

సూర్యుడు వెనక ఉంటే మనిషి మొహం కుండ అడుగులా నల్లగా పడుతుంది. అందుకని ఫ్లాష్ కొట్టాలి. కెమెరా మీదే పెట్టి కొడితే మొహం రొట్టెలా చదునుగా వస్తుంది. కాబట్టి పక్కన కొంచెం దూరంలో ఎవరో ఒకరు కర్రకు బిగించి పట్టుకోవాలి. మా ఇంట్లో ఆ ఎవరో ఒకరు మా ఆవిడ లీ-జూ. నా కెమెరా నెత్తిన అగ్గిపెట్టెంత ట్రిగ్గర్, ఆమె చేతిలో ఫ్లాష్‌కి ఇంకో అగ్గిపెట్టె. నేనిక్కడ నొక్కితే తీగ లేకుండా కబురు గాల్లో పోయి అక్కడ ఫ్లాష్ వెలుగుతుంది. రెండు పెట్టెలూ ఒకే నంబరు మీద ఉండాలి, అంతే. గోటితో తిప్పే చిన్న చక్రం, దాని చుట్టూ ఒకటి నుంచి ఎనిమిది దాకా చీమ తలకాయంత అంకెలు. ఇదీ విద్య. ఇంత చిన్న చక్రం మా కొంపకు చుట్టుకుంటుందని ఎవడనుకుంటాడు?

తీరం మీద రోజూ కనబడేవాళ్లం ఏడు జట్లు. నాలుగు తీసేస్తే నంబర్లు కూడా ఏడే. నాలుగెందుకు తీసెయ్యాలని అడక్కండి. మా ఊరి ఆస్పత్రికి నాలుగో అంతస్తు లేదు, మూడు మీద అయిదే. మా భాషలో నాలుగన్నా చావన్నా ఒకేలా పలుకుతుంది. చావు అంకె మీద పెట్టి పెళ్లికూతుర్ని ఫొటో తీసేవాడెవడు? మిగతావి ఎవరికి ఏదో ఎవరూ రాసి అంటించలేదు, అందరికీ తెలుసు. ఎనిమిది నాది. ఎనిమిదంటే కలిసొచ్చే అంకె. నాకేం కలిసొచ్చిందంటే అది వేరే సంగతి. కానీ నాది.

ఆ సీజన్లో ఎనిమిదో జట్టు దిగింది. వాడు నా బావమరిది.

యావ్-తింగ్ నా భార్య తమ్ముడు. తల్లి పోయాక మా ఇంట్లోనే పెరిగాడు. కెమెరా ఎలా పట్టుకోవాలో నేను నేర్పాను, అన్నం ఎలా తినాలో వాళ్లక్క నేర్పింది. ఏకై వచ్చి మేకై, కిందటేడు సొంత దుకాణం పెట్టాడు. పోయేటప్పుడు లీ-జూ మా పాత ట్రిగ్గర్ల జత చేతిలో పెట్టి పంపింది. నేను చూసీ చూడనట్టు ఊరుకున్నాను. కొన్నాళ్లు కొండల మీద పూలతోటల్లో తీసుకుంటున్నాడని విన్నాను. ఈసారి తిన్నగా తీరానికొచ్చి, బురద అంచున జనం నడవడానికి వేసిన కొయ్యదారికి ఆ చివర వ్యాను ఆపాడు.

మొదటి సాయంత్రమే మొదలైంది. నేను నొక్కితే చీకటి. నొక్కకపోతే వెలుగు. లీ-జూ రబ్బరు బూట్లేసుకుని బురదలో నిలబడి కర్ర పట్టుకుంది. పెళ్లికూతురు ముక్కు తుడుచుకుంటుంటే ఠప్పున వెలుగుతుంది. ఆ తర్వాత అసలు సమయానికి, అంటే వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వినప్పుడు, ఫ్లాష్ ఇంకా ఊపిరి తీసుకుంటూ ఉంటుంది. చిటికెలో సూర్యుడు దిగిపోతాడు. ముందు ఆకుపచ్చ పొట్లాన్ని అనుమానించాను. యంత్రాలు మాట వినాలని మేమంతా సంచిలో కొబ్బరి మొక్కజొన్న పేలాల పొట్లం ఒకటి పెట్టుకుంటాం, ఆకుపచ్చదే ఉండాలి, గడువు దాటకూడదు. చూస్తే గడువు ఉంది. తర్వాత ట్రిగ్గర్ పెట్టెను, ఆ తర్వాత పెళ్లాన్ని. కర్ర వణికించావన్నాను. ఆమె కుడి భుజానికి మందుపట్టీ అంటించుకుని ఉంది. ఇంటికెళ్లి ఫొటో పెద్దది చేసి చూస్తే పెళ్లికొడుకు చెవి వెనక, దూరంగా, నక్షత్రంలా ఒక చుక్క. ఇంకో ఫొటోలో కూడా. నేను నొక్కినప్పుడల్లా కొయ్యదారి చివర ఎవడిదో ఫ్లాష్ వెలుగుతోంది.

మర్నాడు నడుచుకుంటూ పోయాను. గాలి ఎదురు కొడుతోంది.

"ఒరేయ్, నీ నంబరెంత?" అన్నాను.

"ఎనిమిది బావా."

"ఎనిమిది నాది."

"అక్క ఎలా పెట్టిచ్చిందో అలాగే ఉంది. నేను ముట్టుకోలేదు."

"ఇప్పుడు ముట్టుకో."

వాడు నవ్వాడు. నా నవ్వే, నా దగ్గరే నేర్చుకున్నాడు. "ముట్టుకుని ఎక్కడికి పోను? మిగిలింది నాలుగు. తీరం మీద నాకిది మొదటి సీజన్, నాలుగు మీద మొదలెట్టమంటావా? నువ్వే పోరాదూ బావా. ఈ వయసులో నీకింకేం కలిసిరావాలి?"

ఆ మాట చాలదూ. అప్పట్నుంచి ఇద్దరం పంతం. నేను నొక్కితే వాడి పెళ్లికూతురు కళ్లు మూస్తుంది, వాడు నొక్కితే నా పెళ్లికూతురు ఉలిక్కిపడుతుంది. మధ్యలో లీ-జూ రాయబారం. వాడి దగ్గరికి వెళ్లి బావకు పెద్దరికం ఇవ్వరా అనేది, నా దగ్గరికి వచ్చి చిన్నవాడు వాడి కడుపు కొట్టకు అనేది. వాడు ఆమెను బావ పెంపుడు చిలుకవన్నాడు. నేను తమ్ముడి వకీలువన్నాను. ఒకరోజు కర్ర బురదలో గుచ్చి, భుజం రుద్దుకుంటూ, "నా చేతిలో దీపం ఎవడు నొక్కితే వెలుగుతోందో నాకే తెలియడం లేదు," అంది. ఆ మాటకు నేను, అందుకే కదా వాణ్ణి మార్చుకోమంటున్నది అన్నాను.

ఇంతలో తూ మేడమ్ పిలిచింది. ఆమెది గౌన్ల దుకాణం. గౌను అద్దెకు తీసుకున్న జంటను ఫొటోలకు నా దగ్గరికి పంపుతుంది. మా ఇంటి పొయ్యి వెలిగేది ఆమె పంపిన జంటలతోనే. నీళ్లలో నల్లమొహాలతో నిలబడ్డ ఒక జంట ఫొటోలు గాజుబల్ల మీద పరిచి, ఈ పిల్ల ఏడ్చి పోయింది షెంగ్ అని నాతో అంది. ఇంకొక్క జంట ఇలా వెళ్లిందంటే కొత్త సంవత్సరం ముందు వచ్చేవాళ్లందరినీ యావ్-తింగ్‌కి పంపిస్తానంది. మీ ఇంటివాడేగా, పని మీ ఇంట్లోనే ఉంటుంది, ఎవరు తీస్తేనేం అని నవ్వింది. నవ్వు చూస్తే ఆ గాజుబల్ల తిరగెయ్యాలనిపించింది. బయటికొచ్చి వక్క నమిలి రోడ్డు మీద ఉమ్మాను.

ఇంటికొచ్చి లీ-జూతో ఒకటే చెప్పాను. పనైనా పోవాలి, వాడైనా పోవాలి, ఎనిమిది మాత్రం పోదు. ఆమె కూర తరుగుతోంది. విన్నదో లేదో.

రెండు రోజులు గడిచాయి. మూడోనాడు నొక్కితే వెలిగింది. మళ్లీ నొక్కాను, మళ్లీ వెలిగింది. నేను నొక్కనప్పుడు వెలగలేదు. పెళ్లికూతురి మొహం మీద వెలుగు వెన్న రాసినట్టు పడింది, వెనక ఆకాశం కాషాయం రంగులో ఆగింది, చెవుల వెనక చుక్కల్లేవు. కొయ్యదారి చివర చూశాను. యావ్-తింగ్ వాడి పని వాడు చేసుకుంటున్నాడు. దిగొచ్చాడన్నమాట. దిగిరాక ఏం చేస్తాడు?

ట్రిగ్గర్ల సంగతంతా లీ-జూదే కదా. బ్యాటరీలు వేసేది, చక్రం తిప్పేది, రబ్బరుబ్యాండు చుట్టేది ఆమే. నాకు ఆ అంకెలు ఆనవు. కళ్లద్దాలు పెట్టుకోమని ఆమె పోరేది. ఫొటోలు తీసేవాడికి కళ్లద్దాలేమిటి, గుడ్డివాడి చేతికి ఎవరైనా పెళ్లికూతుర్ని అప్పజెబుతారా అనేవాణ్ణి. అదీ కాక, చూడ్డానికేముంది? ఎనిమిది ఎనిమిదే.

ఆ తర్వాత వారాలు బాగా నడిచాయని ఒప్పుకోవాలి. ఈశాన్యపు గాలి మొదలై ఇసుక చెంపల మీద కొట్టేది, ముసుగులు ఎగిరిపోయేవి, ఒక పెళ్లికొడుకు బూటు బురదలో ఇరుక్కుని అక్కడే ఉండిపోయింది. అయినా ఫొటోలు వచ్చాయి. తూ మేడమ్ మాట మార్చింది, నీ చెయ్యే వేరు షెంగ్ అంది. కొయ్యదారి మొదట్లో వేపిన పీతలమ్మే ముసలమ్మకు కూడా చెప్పాను, కుర్రవాడు దారికొచ్చాడని. ఆమె పీతను తిప్పుతూ, రక్తం ఎక్కడికి పోతుంది అంది. లీ-జూ పక్కనే ఉంది. బూట్లలో నీళ్లు వంపుకుంటోంది.

చలికాలపు ఉండల పండగకు వాణ్ణి భోజనానికి పిలవమని నేనే అన్నాను. గెలిచినవాడు పిలవాలి కదా. గులాబీవీ తెల్లవీ పిండి ఉండలు, అల్లం బెల్లం నీళ్లలో. ఆ రోజు అవి తింటేనే వయసు ఒక ఏడు పెరిగినట్టు లెక్క. వాడు ఒక పెట్టె కమలాలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఎదురుగా కూచున్నాడు. చిన్నప్పుడు కూచున్న కుర్చీయే.

"పర్లేదురా," అన్నాను. "పెద్దవాడికి దారివ్వడం తెలిసొచ్చింది నీకు. ఇంతకీ ఏ నంబరుకి పోయావు?"

వాడి చెంచా నోటి దగ్గర ఆగింది. "నేనెక్కడికి పోయాను బావా? ఎనిమిది మీదే ఉన్నా. నువ్వే పోయావనుకున్నా. ఆ కమలాలు అందుకే తెచ్చాను."

ఇద్దరం లీ-జూ వైపు చూశాం. ఆమె నా గిన్నెలోకి ఉండలు వడ్డిస్తోంది.

"నాలుగు మీద పెట్టాను," అంది. "తినండి, చల్లారితే గట్టిపడతాయి."

ఎంతమంది పిల్లలు, ఎన్ని తెల్లగౌన్లు, అందర్నీ చావు అంకె మీద నిలబెట్టి నవ్వమన్నాను. ఒక్కరికి తెలిసినా తూ మేడమ్ దుకాణం ముందు శాపనార్థాలు పెట్టి బూడిద పోస్తారు. అదే అన్నాను. గట్టిగానే అన్నాను.

"వాళ్ల చేతుల్లో లేదు కదా ఆ నాలుగు," అంది లీ-జూ. "ఇన్ని వారాలూ నేను పట్టుకున్నాను. నాకేమైంది?"

"నన్ను అడక్కుండా ఎందుకు పెట్టావు?"

"అడిగితే పెట్టనిస్తావా?"

"పెట్టనివ్వను."

"అందుకే అడగలేదు."

యావ్-తింగ్ మధ్యలో దూరబోయాడు, అక్క చేసింది మంచిదే కదా బావా, ఫొటోలు బాగానే వచ్చాయిగా అంటూ. నోరు మూసుకుని తినమన్నాను. వాడు తినలేదు. నేను చెంచా పెట్టేసి, రేపట్నుంచి ఎనిమిది, ఇష్టం లేనివాళ్లు దీపం పట్టక్కర్లేదు అని చెప్పాను.

"సరే," అంది లీ-జూ.

లేచి గిన్నెలు తీసింది. గిన్నె పగల్లేదు, తలుపు విసరలేదు. కమలాలు ఒలిచి తొనలు తీసి పెట్టింది. మాట నెగ్గిందని నేను హాయిగా నిద్రపోయాను.

మర్నాడు మధ్యాహ్నం వీధిలో వ్యాను హారన్ మోగింది. మాది కాదు, యావ్-తింగ్‌ది. లీ-జూ రబ్బరు బూట్లు ప్లాస్టిక్ సంచిలో వేసుకుని, భుజానికి కొత్త పట్టీ అంటించుకుని బయటికొచ్చింది. ఎక్కడికన్నాను. పనికంది. అన్నం కుక్కర్లో ఉంది, చేప వేడి చేసుకో అంది. వ్యాను ఎక్కేటప్పుడు వాడు చెయ్యి అందించాడు, ఆమె అందుకోలేదు, తనంతట తానే ఎక్కింది. ఇంట్లోంచి పోలేదు, చూడండి. రాత్రికి వచ్చింది, వండింది, పడుకుంది. దీపం దగ్గర్నుంచి మాత్రమే పోయింది. దానికి ఏమని పోట్లాడాలి?

ఆ సాయంత్రం నాకు ఒక జంట ఉంది. పెళ్లికూతురు తూ మేడమ్ సొంత మేనకోడలు, జాగ్రత్త అని మేడమ్ మరీ మరీ చెప్పింది. ఫ్లాష్‌ను ఇనప స్టాండుకు బిగించి, కాళ్లకు ఇసుక సంచులు కట్టాను. గాలికి అది తాగినవాడిలా ఊగుతోంది. ఇక ట్రిగ్గర్లు. కెమెరా మీది పెట్టె కంటి దగ్గర పెట్టుకున్నాను, దూరం పెట్టుకున్నాను, సూర్యుడి వైపు తిప్పాను. చక్రం మీద మసక. పొద్దు దిగిపోతోంది. పెళ్లికొడుకు పక్కనే చేతులు నలుపుకుంటూ నిలబడి ఉన్నాడు.

"బాబూ, ఇది ఎంత మీదుందో కాస్త చూడు," అన్నాను.

వాడు మంచివాడు, వంగి చూశాడు. "ఎర్రచుక్క మీదుంది సార్. అంకె కనబడట్లేదు, ఎవరో గోళ్లరంగు పూశారు. మూడుకీ అయిదుకీ మధ్య."

గాలిమరలు తిరుగుతున్నాయి. పెళ్లికూతురు గౌను రెండు చేతులా ఎత్తి పట్టుకుని ఉంది.

"మూడుకీ అయిదుకీ మధ్య ఏముంటుంది?" అంది ఆ పిల్ల.

ఎర్రచుక్క పూసినా ఒకటే, పూయకపోయినా ఒకటే. నేను గబగబా, పొరపాటమ్మా, ఎనిమిదికి తిప్పుతున్నాం చూడు అని పెళ్లికొడుకు చేతే రెండు పెట్టెలూ తిప్పించాను. తిప్పితే మాత్రం? ఆ పిల్ల అప్పటికే నీళ్లలోంచి బయటికి నడుస్తోంది. ఒంట్లో బాగోలేదంది, ఇంకో రోజు వస్తామంది. ఇంకో రోజు రారని ముగ్గురికీ తెలుసు. పెళ్లికొడుకు రెండుసార్లు వంగి క్షమాపణ చెప్పి ఆమె వెనకాల పరిగెత్తాడు. గోళ్లరంగు. లీ-జూ గోళ్లకు రంగు వేసుకోగా నేనెన్నడూ చూడలేదు. ఆ చక్రం కోసమే కొన్నట్టుంది.

తూ మేడమ్ ఫోన్ అప్పుడే మోగడం మొదలైంది. తియ్యలేదు. ఆగి మళ్లీ మోగింది. తియ్యలేదు.

సూర్యుడు నీళ్లకు జానెడు ఎత్తులో ఉన్నాడు. అంత మంచి వెలుతురు ఆ సీజన్లో రాలేదు. ఎదురుగా మనిషి లేడు. బురదలో రెండు జతల అడుగులు, వాటి నిండా ఆకాశం. ఊరికే కెమెరా ఎత్తి నొక్కాను. నా స్టాండు మీది ఫ్లాష్ వెలిగింది. దాంతోపాటే, కొయ్యదారి ఆ చివర, నీళ్లలో నిలబడ్డ చిన్న ఆకారం చేతిలో ఇంకొకటి వెలిగింది.

మళ్లీ నొక్కాను. మళ్లీ వెలిగింది. ఆ ఆకారం ఇటు తిరిగింది. ఇంత దూరానికి మొహం కనబడదు, కానీ కర్రను కుడి భుజం మీంచి ఎడమ భుజానికి మార్చుకునే తీరు ఒక్కరిదే. మూడోసారి నొక్కాను.

ఫోన్ మోగింది. ఈసారి తూ మేడమ్ కాదు.

"ఏమయ్యా, నువ్వేనా నొక్కేది?"

"నా కెమెరా, నా ఇష్టం."

"నీ ఎదురుగా ఎవరూ లేరు కదా. ఎవర్ని తీస్తున్నావు?"

అవతల గాలి చప్పుడు, వెనకాల యావ్-తింగ్ ఎవరినో గడ్డం కొంచెం పైకెత్తమంటున్నాడు.

"వీడి పెళ్లికూతురు కళ్లు మూసేస్తోంది," అంది లీ-జూ. "నంబరు మార్చు."

"ఎంతకి?"

"ఎవరికీ అక్కర్లేనిదానికి."

వంద మాటలు నోటిదాకా వచ్చాయి. ఎనిమిది నాది, వాణ్ణి పెంచింది నేను, పని పోయింది నాది. తీరా నోట్లోంచి వచ్చింది, "కనబడట్లేదే," అని.

"సంచి ముందు జేబులో చూడు," అంది. "ఆకుపచ్చ పొట్లం వెనక. సీజను మొదట్లోనే కొన్నాను." పెట్టేసింది.

పొట్లం వెనక చెయ్యి పెట్టాను. గుడ్డసంచిలో కళ్లద్దాలు. సీజనంతా నా భుజాన్నే వేలాడాయన్నమాట. చుట్టూ ఎవరైనా చూస్తున్నారేమోనని చూసి, పెట్టుకున్నాను. చక్రం మీద అంకెలు ఒక్కొక్కటీ నల్లగా, సూదిగా లేచి నిలబడ్డాయి. మూడు, ఎర్రచుక్క, అయిదు. చుక్క అంచు దాటకుండా పూసింది.

కెమెరా మీది పెట్టె తిప్పాను. స్టాండు దగ్గరికి నడిచి, వంగి, దాన్నీ తిప్పాను. తిరిగొచ్చి నొక్కాను.

నాది వెలిగింది. అక్కడ వెలగలేదు.